అతన్నే ఎందుకు పంపారు?

"అంతమంది ఆఫీసర్లుండగా పోయి పోయి ఈయన్నే ఎందుకు పంపారమ్మా?" అని అడిగింది మా అమ్మాయి, అన్నంలో మజ్జిగ కలుపుకుంటూ.

ఈయన అంటే మా బంధువర్గంలో ఎవరూ కాదు. బెంజమిన్ సిస్కో అనే కల్పిత పురుషుడు. పుట్టిన ఊరు అమెరికాలోని న్యూ ఆర్లియన్స్, ఉద్యోగం రోదసిలో, కాలం ఇంకో మూడున్నర శతాబ్దాల తర్వాత. 'స్టార్ ట్రెక్' పేరుతో అమెరికా టెలివిజన్‌లో వచ్చిన ధారావాహికల కుటుంబంలో 'డీప్ స్పేస్ నైన్' ఒకటి. 1993 జనవరిలో మొదలై 1999 జూన్ దాకా ఏడు సీజన్లు నడిచింది. ఆ పేరు గల రోదసీ కేంద్రానికి అధిపతిగా ఈ సిస్కోని వేస్తారు. వేసవి సెలవుల్లో మా అమ్మాయి మొదటినుంచీ వేసుకుని చూస్తుంటే, కూరగాయలు తరుక్కుంటూ పక్కన కూర్చున్న పాపానికి నేనూ చిక్కుకుపోయాను.

సైన్సు కథలంటే నాకు మొదట్నించీ కాస్త దూరమే. నౌక ఎంత వేగంతో వెళ్ళింది, తుపాకీలో ఏ కిరణం వాడారు లాంటివి నాకు పట్టవు. అవన్నీ తీసేస్తే మిగిలింది చూశాను. మిగిలింది ఒక ఇంటి కథ. అంచేతనే అమ్మాయి ప్రశ్న నన్ను వదల్లేదు.

ముందు ఆ ఇంటి సంగతి చెప్పాలి. బజోర్ అని ఒక లోకం. కార్డాసియన్లనే పొరుగువాళ్ళు దాన్ని అర్ధశతాబ్దం పాటు ఆక్రమించుకుని, గనులు తవ్వుకుని, జనంచేత వెట్టిచాకిరీ చేయించుకున్నారు. ఆ ఖనిజాన్ని శుద్ధి చెయ్యడానికి ఆకాశంలో ఈ కేంద్రం కట్టారు. బజోర్ ప్రజల ప్రతిఘటన తట్టుకోలేక చివరికి వదిలిపెట్టి పోయారు. పోతూ పోతూ పనికొచ్చేవన్నీ ఊడబెరుక్కుపోయారు, మోసుకుపోలేనివి పగలగొట్టి పోయారు. అద్దెవాళ్ళు పంతం పట్టి ఖాళీ చేసిన ఇల్లెలా ఉంటుందో మనలో చాలామందికి అనుభవమే. ఫాన్లుండవు, స్విచ్చి బోర్డుల్లోంచి తీగలు వేలాడుతుంటాయి, కుళాయికి తిప్పే పిడి ఉండదు. తొలి కథలో సిస్కో కొడుకు చెయ్యి పట్టుకుని అడుగుపెట్టేసరికి కేంద్రం అచ్చంగా అలా ఉంటుంది. అంగళ్ళ వీధి మొత్తం విరిగిన సామానూ, ఆరిపోయిన దీపాలూ. అధిపతి గది మాత్రం మిగతావాళ్ళు తలెత్తి చూడవలసినంత ఎత్తున కట్టారు. కట్టినవాళ్ళ మనస్తత్వం ఆ మెట్లలోనే తెలుస్తుంది.

స్వతంత్రం వచ్చిన బజోర్ తాత్కాలిక ప్రభుత్వం సాయం చెయ్యమని ఫెడరేషన్‌ని పిలుస్తుంది. ఫెడరేషన్ అంటే మన భూమితో సహా అనేక లోకాల సమాఖ్య. దాని నావికాదళం పేరు స్టార్‌ఫ్లీట్. ఆ దళం పంపినవాడు సిస్కో.

అప్పటికి అతని దగ్గర ఏముంది? మూడేళ్ళ కిందట బోర్గ్ అనే యంత్రజాతితో జరిగిన యుద్ధంలో ముప్ఫై తొమ్మిది నౌకలు నాశనమయ్యాయి. అందులో ఒకదాంట్లో ఇతను రెండో అధికారి. భార్య జెనిఫర్ ఆ మంటల్లోనే చనిపోయింది. ఆమె శవాన్ని వదిలి రానంటే ఇతన్ని తోటివాడు లాక్కొచ్చి పడెయ్యాల్సి వచ్చింది. కొడుకు జేక్‌తో బయటపడ్డాడు. ఆ తర్వాత అంగారక గ్రహం మీద నౌకలు కట్టే చోట పని చేస్తూ రోజులు వెళ్ళదీశాడు. ఉద్యోగం మానేసి భూమికి పోదామని ఆలోచన. హోదా చూస్తే ఇంకా కెప్టెన్ కూడా కాదు, కమాండర్. కెప్టెన్ పదవి అతనికి మూడో సీజన్ చివర, 1995లో గాని రాలేదు.

మరి అతన్నే ఎందుకు ఎంచుకున్నారు? మొదటి కథలో ఎవరూ విడమరిచి చెప్పరు. పికార్డ్ అనే పెద్ద కెప్టెన్ వచ్చి ఉత్తర్వులు అప్పజెబుతాడు గాని కారణం చెప్పడు. పైగా ఆ పికార్డ్‌నే బోర్గులు చెరపట్టి, తమ మనిషిగా మార్చి, ఆ యుద్ధంలో ముందుపెట్టి నడిపించారు. భార్యని చంపిన మొహం ఎదురుగా కూర్చుని, బజోర్‌ని ఫెడరేషన్‌లో చేరడానికి తయారుచెయ్యమని మర్యాదగా అడుగుతుంటే సిస్కో మొహంలో కదిలే నరం చూడాలి. అవ్రీ బ్రూక్స్ అనే ఆ నటుడు అరవకుండా, చెయ్యెత్తకుండా ఆ సన్నివేశాన్ని మోశాడు. ఏడు సీజన్లలో నాకు అన్నిటికన్నా నచ్చిన నటన అదే.

అక్కడ సిస్కో చెప్పిన అభ్యంతరం ఏమిటో గమనించారా? జీతం కాదు, హోదా కాదు. పిల్లవాణ్ణి పెంచడానికి తగిన చోటు కాదన్నాడు. బదిలీ ఉత్తర్వు ఇంటికొచ్చిన రోజున మనం మొదట అడిగేదీ అదే గదా, "అక్కడ స్కూలుందా?" అని.

అభిమానులు ఈ ప్రశ్నకి గొప్ప గొప్ప కారణాలు చెబుతారు. నౌకలు కట్టినవాడు గనక మరమ్మతులు తెలుసంటారు. ధైర్యవంతుడంటారు. కావచ్చు. కానీ ఒక్క విషయం మరిచిపోతున్నారు. అతన్ని వేసేనాటికి ఆ చోటుకి ఏ ప్రాముఖ్యమూ లేదు. రోదసిలో ఒక కొస నుంచి మరో కొసకి క్షణాల్లో చేర్చే సొరంగం పక్కనే ఉందని తర్వాత గాని తెలియలేదు. అప్పటికది దివాలా తీసిన లోకం పక్కన ఉన్న పాడుబడ్డ కొంప. పైకి రావాలనుకునే ఆఫీసరెవడూ కోరుకోడు. మనకి తెలియని పద్ధతా ఏమన్నానా! పై ఆఫీసులో ఎవరికీ అక్కర్లేని ఊరికి, పట్టించుకునే నాథుడు లేనివాణ్ణి వేస్తారు. కేంద్రంలో అతని తర్వాతి స్థానం బజోర్ స్త్రీ మేజర్ కీరా నెరీస్‌ది. చిన్నప్పట్నించీ ఆయుధం పట్టి పోరాడిన మనిషి. ఆవిడ కూడా మొదటి భేటీలోనే, తన మాటలు గిట్టకనే ప్రభుత్వం తనని ఇక్కడికి తోసేసిందన్న భావంతో మాట్లాడుతుంది. ఇద్దరు తోసివేతగాళ్ళు కలిసి ఒక పాత ఇంటిని బాగుచెయ్యడం అన్నమాట. రాసినవాళ్ళు రిక్ బెర్మన్, మైకేల్ పిల్లర్ ఎంత ఆలోచించి పెట్టారో తెలీదు గాని, నాకీ ఎత్తుగడ చాలా సహజంగా తోచింది.

(ఆ ఇల్లు బజోర్ వాళ్ళదే అయినప్పుడు కీరానే అధిపతిని చెయ్యొచ్చు గదా అంటారేమో. నేనూ అన్నాను. దానికి కథ జవాబు ఆరేళ్ళ తర్వాత చెబుతుంది. ఆగండి.)

పంపిన కారణం అల్పమైనదే గానీ, పంపబడ్డవాడు సరైనవాడయ్యాడు. ఎలా అయ్యాడన్నదే నన్ను కట్టిపడేసింది. వచ్చీ రాగానే అతను ఫిరంగులు సవరించలేదు. క్వార్క్ అనే సారాదుకాణందారు మూటాముల్లె సర్దుకుని పారిపోబోతుంటే, అతని తమ్ముడి కొడుకు దొంగతనం చేసి పట్టుబడితే, ఆ కుర్రాణ్ణి అడ్డం పెట్టుకుని బేరమాడాడు. నువ్వు కొట్టు తెరిస్తే వీడి సంగతి నేను చూసుకుంటానని. ఒక కొట్టు తెరిస్తే పక్కవాడు తెరుస్తాడు, వీధిలో దీపం వెలిగితే జనం వస్తారని లెక్క. ఇది వీరాధివీరులు చేసే పని కాదు. పాతికమంది ఉన్న ఉమ్మడి కుటుంబంలో, అలిగి వెళ్ళిపోతానన్న మరిదిని ఆపడానికి పెద్ద కోడలు వేసే ఎత్తు. కాస్త అన్యాయం, బోలెడంత లోకజ్ఞానం.

ఇంకో ముచ్చట. ఇంజినీరు ఓబ్రయన్ భార్య కేకో వృక్షశాస్త్రం చదువుకున్న మనిషి. మొగుడి బదిలీతో పాటు ఈ ఇనప గూట్లోకి వచ్చిపడింది. ఇక్కడ మొక్క లేదు, ఆవిడకి పని లేదు. కొన్నాళ్ళు గోడలు చూసి, చివరికి పిల్లలకి బడి పెడతానని సిస్కో దగ్గరికి వెళితే, కాదనకుండా చోటిచ్చాడు. క్వార్క్ తమ్ముడి కొడుకు నోగ్, జేక్ ఆ బడిలో పక్కపక్కన కూర్చుంటారు. తర్వాత పిల్లలు తగ్గిపోయి ఆ బడి మూతపడింది, ఆవిడ మళ్ళీ దిగులుపడింది. మొగుడప్పుడు కేంద్రంలోనే మొక్కల తోట అమరుద్దామా అని ఆలోచించి, అది చాలదని గ్రహించి, బజోర్ మీద మొక్కల పరిశోధనకి ఆవిణ్ణి పంపించాడు. రోదసి యుద్ధాల కథలో దీనికింత చోటిచ్చిన రచయితలకి ఒక నమస్కారం. ఏ ఊరు బదిలీ అయినా సామాను సర్దుకుని వెంట నడిచిన డిగ్రీలు మన ఇళ్ళల్లో ఎన్ని ట్రంకుపెట్టెల్లో ఉన్నాయో!

ఇహ మొదటి కథలోని అసలు ఘట్టం. ఆ సొరంగంలో కాలం తెలియని జీవులుంటాయి. బజోర్ ప్రజలు వాటిని ప్రవక్తలని పేరుపెట్టి దేవుళ్ళుగా కొలుస్తారు. సిస్కో వాళ్ళకి ముందూ వెనకా అంటే ఏమిటో బేస్‌బాల్ ఆటతో చెప్పబోతాడు. బంతి వేసేదాకా ఏమవుతుందో తెలియకపోవడమే ఆట అంటాడు. అన్నీ విని వాళ్ళు అతన్ని పదేపదే ఒకే చోటికి తీసుకెళతారు. మండుతున్న నౌకలో భార్య పడి ఉన్న గదికి. మేమెవరం నిన్ను తీసుకురావడానికి, నువ్వున్నదే ఇక్కడ కదా అన్నట్టు చూస్తారు. కాలం ముందుకే నడుస్తుందని పాఠం చెప్పడానికి వెళ్ళినవాడు తాను మూడేళ్ళుగా ఒక్క గది దాటలేదని తెలుసుకుని ఏడుస్తాడు. వెనక్కి వచ్చాక పికార్డ్‌ని కలిసి ఉద్యోగంలో ఉంటానంటాడు.

మా అమ్మాయికి నేనిచ్చిన మొదటి జవాబు ఇదే. పంపినవాళ్ళు ఏ లెక్కతో పంపారో పోనీ. కూలిన ఇంటిని నిలబెట్టడానికి, కూలిన ఇంట్లోంచి పిల్లవాడితో బయటికొచ్చినవాడు సరిపోయాడు. ప్రతిరోజూ ఆ పిల్లవాడికి అన్నం వండిపెట్టి, చదువు చూసి, సాయంత్రం బంతాట ఆడించినవాడికి ఒక వీధి బాగుచెయ్యడం కొత్త విద్య కాదు. నిజంగా వండుతాడు సుమండీ! తండ్రి న్యూ ఆర్లియన్స్‌లో హోటలు నడిపే మనిషి. తోటి అధికారులని భోజనానికి పిలిచి స్వయంగా గరిటె పడతాడు. ఒకసారి మనసు విరిగి కేంద్రం వదిలి తండ్రి దగ్గరికి పోయినప్పుడు కూడా, హోటలు వెనక సందులో కూర్చుని ఆల్చిప్పలు తోముతుంటాడు. పుట్టింటికి వచ్చిన ఆడపిల్ల ఎవరితోనూ మాట్లాడకుండా పెరట్లో గిన్నెలు తోముతూ కూర్చోవడం గుర్తొచ్చింది.

ఇంతవరకూ బాగుంది. ఇక్కడ నా పేచీ మొదలవుతుంది. దానికంటే ముందు, 1998 ఫిబ్రవరిలో వచ్చిన ఒక కథ గురించి చెప్పాలి. బ్రూక్స్ స్వయంగా దర్శకత్వం వహించాడు. సిస్కోకి కలలాంటిది వస్తుంది. అందులో తాను 1953లో న్యూయార్క్‌లో, ఒక చౌక కథల పత్రికలో పనిచేసే నల్లజాతి రచయిత బెన్నీ రస్సెల్. ఒక రోదసీ కేంద్రం బొమ్మ చూసి కథ రాస్తాడు. ఆ కేంద్రానికి అధిపతి నల్లవాడు. కథ బ్రహ్మాండంగా ఉందంటారందరూ. సంపాదకుడు మాత్రం వెయ్యనంటాడు. కథలో నాయకుణ్ణి తెల్లవాడిగా మార్చమంటాడు. చివరికి, ఇదంతా ఒక పేదవాడి కల అని ముగిస్తే వేస్తానని ఒప్పుకుంటాడు. దానికీ బెన్నీ సరేనంటాడు పాపం. అప్పుడు యజమాని మొత్తం సంచికనే ముక్కలు చేయించేస్తాడు.

చూశారా, మా అమ్మాయి ప్రశ్నే ఇంకొకరి నోట వచ్చింది. 'అంతమంది ఉండగా ఈయన్నే ఎందుకు?' అన్న మాట పిల్ల నోట అమాయకంగా ఉంది, సంపాదకుడి నోట విషంలా ఉంది. స్టార్ ట్రెక్ ధారావాహికల్లో నల్లజాతి నటుడు ప్రధాన నాయకుడు కావడం సిస్కోతోనే మొదలు. ఆ సంగతిని ఉపన్యాసంలా చెప్పకుండా ఒక గుమాస్తా గదిలో పెట్టి చూపించారు.

ఆ గదిలో కే ఈటన్ అని ఒక రచయిత్రి ఉంటుంది. పత్రికలో ఆవిడ పేరు కె. సి. హంటర్. ఆడమనిషని పాఠకులకి తెలియకూడదు. పాఠకులు రచయితల్ని చూడాలంటున్నారు, ఫోటో తీయిస్తానని సంపాదకుడు అందరికీ చెప్పి, నువ్వు మాత్రం ఆ రోజు ఆలస్యంగా నిద్రలేవొచ్చని ఆవిడతో అంటాడు. బెన్నీకి కూడా ఆ మాట తనక్కూడానని అర్థమవుతుంది. ఇది ఉత్త కల్పన కాదు. ఈ స్టార్ ట్రెక్‌కే 1960లలో కథలల్లిన డొరొతీ ఫోంటానా, తెర మీద డి. సి. ఫోంటానాగానే కనిపించింది. మన వారపత్రికల్లో 1970 ప్రాంతాల్లో సరిగ్గా తలకిందులుగా జరిగింది. రచయిత్రుల సీరియల్స్‌కి ఉన్న గిరాకీ చూసి మగవాళ్ళు ఆడపేర్లు పెట్టుకున్నారు. నేనప్పటికి పుట్టలేదు గాని, మా అమ్మ సీరియల్ కాగితాలు చింపి కుట్టించిన బైండు పుస్తకాలు చదివే పెరిగాను. అందులో నేను ఆరాధించిన ఒక 'దేవి'గారు మీసాలున్న పెద్దమనిషని తెలిసిన రోజున రెండు పూటలు అన్నం సయించలేదు.

సరే, పేచీ. అదే 1998 చివర్లో ఏడో సీజన్ మొదలైంది. రచయితలకి ఉన్నట్టుండి మా అమ్మాయి ప్రశ్న తట్టింది కాబోలు, ఒక జవాబు తయారుచేశారు. సిస్కో ఎందుకు ఎంపికయ్యాడంటే, పుట్టకముందే ఎంపికయ్యాడట. ప్రవక్తల్లో ఒకరు శారా అనే భూలోకపు స్త్రీ శరీరంలో ప్రవేశించి, ఆమెని అతని తండ్రికిచ్చి కట్టబెట్టి, ఈ బిడ్డని కనిపించి, ఆ తర్వాత ఆమె శరీరాన్ని వదిలేశారట. అంటే కారణజన్ముడన్నమాట.

మనకి కారణజన్ములు కొత్త కాదు. పురాణాలు చదివి పెరిగినవాళ్ళం. నవలల్లోనూ, కష్టపడి పైకొచ్చిన కుర్రవాడు ఆఖరి అధ్యాయంలో జమీందారు మనవడని తేలడం మామూలే. నేనూ ఒకసారి రాశాను ఆ పని, దాచుకోవడం దేనికి? ఉత్తరాలు బోలెడు వచ్చాయి. ఒకావిడ మాత్రం, 'మనవడు కాకపోతే అతని కష్టం మీకు చాలలేదా?' అని కార్డు రాసింది. ఆ కార్డు ఇప్పటికీ నా బల్ల సొరుగులో ఉంది. ఈ సీజన్ చూస్తూ అదే గుర్తొచ్చింది. ఎవరికీ అక్కర్లేని చోటుకి వచ్చి, ఏడ్చి, లేచి, వండి, వీధి బాగుచేసిన మనిషి సంపాదించుకున్నదంతా తీసుకుపోయి పుట్టుక ఖాతాలో జమవేశారు.

అంతకన్నా నాకు మింగుడుపడనిది శారా సంగతి. ఒక స్త్రీ. ఎవరో ఆమె ఒంట్లో దూరి, ఆమె చేత పెళ్ళి చేయించి, ఒక బిడ్డని కనిపించారు. తెలివొచ్చేసరికి ఎవరో మొగుడు, ఎవరో పసిబిడ్డ. వదిలి వెళ్ళిపోయింది, కొన్నేళ్ళకి ఏదో ప్రమాదంలో పోయింది. సిస్కో పెంచిన తల్లినే కన్నతల్లి అనుకుంటూ పెరిగాడు. కథలో దీన్ని తలుచుకుని బాధపడేది తండ్రీ, కొడుకూ. శారాకి ఒక్క మాట ఇవ్వలేదు. ఆమె రూపంలో కనిపించి మాట్లాడేది కూడా ప్రవక్తే, ఆమె కాదు. కుంతికి కూడా దేవుడి వల్లే బిడ్డ పుట్టాడు. కానీ మంత్రం చదివింది తను. తెలియక చదివినా తనే చదివింది. ఆవిడ గుండెకోతని భారతం వదిలిపెట్టలేదు, యుద్ధమంతా అయ్యాక ధర్మరాజుతో నిజం చెప్పి కర్ణుడికి నీళ్ళు విడిపించేదాకా వెంట నడిచింది. కేకోకి రెండు మూడు కథలు కేటాయించిన ఈ రచయితలు, తమ నాయకుడి కన్నతల్లికి ఒక్క సన్నివేశం ఇవ్వకపోవడం నాకు క్షమించబుద్ధి కాలేదు.

అయినా కథలో ఆ మొదటి సిస్కో అప్పుడప్పుడూ పెనుగులాడుతూనే ఉంటాడు. కసిడీ యేట్స్ అనే సరుకు నౌక నడిపే ఆవిణ్ణి పెళ్ళాడతానంటే, వద్దు, దుఃఖమే మిగులుతుందని ప్రవక్త హెచ్చరిస్తుంది. ముందు తటపటాయించి, తర్వాత పెళ్ళి చేసుకుంటాడు. నేను కూరగాయల పళ్ళెం పక్కన పెట్టి చప్పట్లు కొట్టాను.

1999 జూన్‌లో ఆఖరి కథ. లోకాన్ని కాపాడి అతను ప్రవక్తల్లో కలిసిపోతాడు. కసిడీ అప్పటికి గర్భవతి. మొదట రాసింది, తీసింది ఏమిటంటే, ఆమెకి కనబడి ఇక సెలవన్నట్టు వెళ్ళిపోతాడని. బ్రూక్స్ దానికి అభ్యంతరం చెప్పాడు. కడుపుతో ఉన్న భార్యని వదిలి నల్లజాతి మగవాడు పోవడం అన్న బొమ్మని తన చేత వేయించవద్దన్నాడు. రచయితలు ఒప్పుకుని ఆ సన్నివేశం మార్చారు. ఎప్పుడో చెప్పలేను గాని తిరిగొస్తానని మాటిచ్చి వెళతాడు. ఏడేళ్ళు ఆ మనిషిని ఒంటి మీద మోసినవాడికి, ఆ మనిషి దేనికి ఎంపికయ్యాడో రాసినవాళ్ళకంటే బాగా గుర్తుంది.

కేంద్రం కీరా చేతికొస్తుంది. ఆ ఎత్తు మెట్ల గది ఇప్పుడావిడది. చివరి దృశ్యంలో జేక్ అద్దం దగ్గర నిలబడి సొరంగం కేసి చూస్తుంటాడు, కీరా వచ్చి పక్కన నిలబడుతుంది, దూరంగా వెళ్ళిపోతూ కేంద్రం చిన్నదై కనిపిస్తుంది.

ఆవిణ్ణెందుకు ఎంచుకున్నారని మా అమ్మాయి అడగలేదు. "మరి జేక్‌కి అన్నం ఎవరు పెడతారమ్మా?" అంది.

"వాడికి ఇరవయ్యేళ్ళే. వాళ్ళ నాన్న దగ్గర నేర్చుకునే ఉంటాడు" అన్నాను.